కుర్చీ లేని కంప్యూటర్

లైబ్రరీలో ఉన్న కంప్యూటర్ పుస్తకాలన్నీ చదివి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి నేను. వాటిలో దొరకని ఒక మాట చౌల్దారీ బస్సులో దొరికింది. అది మరిచిపోకూడదనే ఇది రాస్తున్నాను.

మా అక్కకి మా దీవిలోనే గరాచర్మ ఊళ్లో ఒకటి, చౌల్దారీలో ఒకటి కిరాణా షాపులు. రెండింటి బిల్లులూ గరాచర్మ కౌంటర్ మీది కంప్యూటర్‌తోనే నడిచేవి. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ బావ దాన్ని కట్టేసేవాడు. వెంటనే చౌల్దారీలో బిల్లు ఆగిపోయేది. విసిగిపోయిన అక్క ఆ షాపు మూసేస్తానంది.

నేను చౌల్దారీ బస్సెక్కిన రోజు వాన. బస్సంతా కునుకు తీస్తోంది. పక్కసీటావిడ నా చేతిలో పుస్తకం చూసి ఏమిటని అడిగింది. డెస్క్‌టాప్, సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల తేడాలు గర్వంగా అప్పజెప్పి, అక్క గొడవా చెప్పాను.

ఆవిడ గడ్డంతో డ్రైవర్ని చూపించింది. "మనకి కిటికీ ఉంది, నిద్ర ఉంది. డెస్క్‌టాప్ ఈ సీటు లాంటిది భయ్యా, కూర్చున్నోళ్ల సుఖం కోసం. సర్వర్ ఆయన లాంటిది. మనం పడుకున్నా బండి నడవాల."

"అయితే ఏం చెయ్యమంటారు దీదీ?"

"కౌంటర్‌లో పాతదే ఉండనీండి. లోపల వేరే మిషన్ పెట్టి సర్వర్ సిస్టమ్ ఎక్కించండి. దాని ముందు మాత్రం కుర్చీ వెయ్యకండి. వేస్తే ఎవరో కూర్చుంటారు, లేచేటప్పుడు బంద్ చేసేస్తారు."

నవ్వి కళ్లు మూసుకుంది. నేను దిగేటప్పటికీ నిద్రలోనే ఉంది.

ఇప్పుడు మధ్యాహ్నం మూసిన గరాచర్మ షాపు లోపలి గదిలో చిన్న పచ్చదీపం వెలుగుతుంటుంది. చౌల్దారీలో బిల్లు వస్తుంటుంది. ఇప్పుడు ఆ గదిలోనే భోజనం చేస్తున్న బావ కుర్చీ తెచ్చుకుంటే అక్క దాన్ని బయట పెట్టేసింది.

పుస్తకం గడువు పెంచిన లైబ్రేరియన్ సరళగారికి, ఆ గదికి వేరే కరెంటు లైను లాగిన అప్పలరాజుకి, అక్క నూకరత్నానికి, నిలబడే భోజనం చేస్తున్న బావ సింహాచలానికి కృతజ్ఞతలు. బస్సులో ఆవిడ పేరు అడగలేదు. కుర్చీ వెయ్యలేదని ఆవిడకి చెప్పాలని ఉంది.