కొండ ఊట నీళ్ళలో క్లోరిన్

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి చలికాలం, దోహాలో ఒక నీటి పరీక్షల ల్యాబ్ నన్ను ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతపు విల్లాలకు శాంపిలింగ్ టెక్నీషియన్‌గా వేసింది. ఇళ్ళ మిద్దెల మీది ట్యాంకుల నుంచి నీళ్ళు పట్టడం, అక్కడే చూడవలసిన పరీక్షలు చూడడం, మిగతా సీసాలు ఐసు పెట్టెలో ల్యాబుకు చేర్చడం నా పని. రిపోర్టు మీద సంతకం కెమిస్టుది. కొలిచింది చెప్పాలే గాని, దాని మీద అభిప్రాయం చెప్పే అధికారం టెక్నీషియన్‌కు లేదు.

ఆ విల్లాల్లో ఒకటి ఫరీదా మేడమ్‌ది. ఆమెది హైదరాబాద్ పాతబస్తీ. వారానికోసారి ఆమె హాల్లో ఒక విదేశీ టీచర్ కబాలా తరగతులు నడిపేవాడు. కబాలా అంటే యూదుల మార్మిక విద్య. ఆయన మొదట జిమ్ కోచ్, తర్వాత ధ్యానం నేర్పాడు, చివరికి దీంట్లో స్థిరపడ్డాడు. వీడియోల్లో మంచి పేరు. మనిషి నవ్వించేవాడు, ఎదుటివాడి పేరు ఒక్కసారి వింటే మరిచేవాడు కాదు. మొదటిరోజు తలుపు దగ్గర నిలబడి విని నేనూ ముచ్చటపడ్డాను.

ముచ్చటపడి ఊరుకోలేదు, లైబ్రరీకి వెళ్ళాను. నా చదువు ఐటీఐతో ఆగింది, మిగిలిందంతా లైబ్రరీలోనే. రెండు లావు పుస్తకాలు చదివితే తెలిసింది: ఆ సంప్రదాయపు పెద్దలు చాలామంది ముందు ధర్మగ్రంథాలు క్షుణ్ణంగా చదివి, జీవితంలో కుదురుకున్నాకే ఈ విద్య జోలికి రమ్మన్నారు. మెడకు ఎర్రదారం కట్టిన నీళ్ళ సీసాలు పంచి మందులు మాన్పించమని ఏ పెద్దా అన్నట్టు నాకు కనిపించలేదు.

ఈయన చేస్తున్నది మాత్రం అదే. ఆ నీళ్ళు ఎక్కడో పవిత్రమైన కొండ ఊట నుంచి వస్తాయని, మందు బిళ్ళలు వాటి శక్తిని చంపేస్తాయని చెప్పేవాడు. ఫరీదా మేడమ్ డ్రైవర్ సత్తయ్య ఆ మాట పట్టుకున్నాడు. నిజామాబాద్ వైపు మనిషి, షుగర్ ఉంది. బిళ్ళలు మానేశాడు. చెప్పు కరిచిన బొటనవేలు పుండై నల్లబడుతోంది. ఇట్లాగే ఉంటే వేలు పోతుంది, వేలితోపాటు డ్యూటీ పోతుంది. పుస్తకాల్లో చదివిందంతా అతనికి ఓపిగ్గా చెప్పాను.

"అన్నా, అన్ని పుస్తకాలు సదివితివి గని, ఒక్కని షుగరన్న తగ్గించినవా?" అన్నాడు.

మరుసటిసారి ట్యాంకు పరీక్షకు వెళ్ళినప్పుడు హాల్లో తరగతి జరుగుతోంది. అక్కడే సత్తయ్య సీసాలోంచి కొన్ని నీళ్ళు అడిగి, పరీక్ష గొట్టంలో పోసి, క్లోరిన్ చూసే బిళ్ళ వేశాను. క్రిములు పెరగకుండా సరఫరా నీళ్ళలో క్లోరిన్ కలుపుతారు. అది ఉంటే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. కొండల్లో క్లోరిన్ పుట్టదు, మనిషి కలిపితేనే ఉంటుంది. గొట్టం చక్కగా గులాబీ రంగెక్కింది. ఇక చెప్పేదేముంది అనుకున్నాను.

సత్తయ్య రెండు చేతులూ జోడించాడు. "జూసినవా అన్నా! గురువుగారి మహిమ నీ సామాన్ల గూడ కనవడ్డది! ఇంకో సీసా తాగుత."

తరగతి వాళ్ళు కూడా లేచి వచ్చి గొట్టాన్ని ఫోటోలు తీయసాగారు. టీచర్ వినయంగా తల వంచాడు.

అప్పుడు వంటింటి కుళాయి నీళ్ళు ఇంకో గొట్టంలో పట్టి, బిళ్ళను సత్తయ్య చేతికే ఇచ్చి వెయ్యమన్నాను. అదే గులాబీ. పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియలేదు.

సత్తయ్య రెండు గొట్టాలనూ వెలుతురుకు ఎత్తి చూశాడు. "మరి నల్లా నీళ్ళకు మంత్రమేసింది ఎవరు?"

"హౌలా పనైంది నాది, పిచ్చిదాన్నయిన! ఈ నీళ్ళతోనే రోజూ ఇల్లు తుడిపిస్తున్న గదా!" అని ఫరీదా మేడమ్ పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఆ సీసాల్లో నీళ్ళు ఎక్కడివని టీచర్‌ను అడిగింది. ఆయన ఊట నీళ్ళు ఎప్పుడో అయిపోయాయని, అప్పటినుంచి ఆమె ఇంటి కుళాయి దగ్గరే నింపుతున్నానని ఒప్పుకున్నాడు. నీరు ఎక్కడిదన్నది కాదు, సంకల్పం ముఖ్యమన్నాడు. "అట్లయితే నా డ్రైవర్ గోలీలు ఎందుకు బంద్ చేయించినవ్?" అంది ఆమె. ఆ ప్రశ్నకు సంకల్పం పనికిరాలేదు. ఆ ఇంట్లో తరగతులు ఆ రోజుతో ముగిశాయి. ఆయన వీడియోలు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి, నీళ్ళ మాట ఎత్తడు.

సత్తయ్యను ఫరీదా మేడమే కారులో క్లినిక్కుకు తీసుకెళ్ళింది. డ్రైవర్ వెనక సీట్లో, యజమానురాలు స్టీరింగ్ దగ్గర. దారి పొడవునా "మేడమ్, బ్రేక్! బ్రేక్!" అంటూనే ఉన్నాడట. వేలు దక్కింది, గోరు పోయింది.

ఒక్క గొట్టం చూపిస్తే, చూసేవాడు తాను ముందే నమ్మినదాన్నే అందులో చూస్తాడు. రిటైరయ్యేదాకా ఏ ఇంట్లోనైనా ముందు మామూలు నీళ్ళ గొట్టం చూపించాను, ఆ తర్వాతే అసలుది.