కొక్కేలు తాడుకు వేలాడదీసిన రోజు

1986 ఏప్రిల్ 9, బుధవారం. మా మిర్చి యార్డు. ఉన్నవారు: గేటు దగ్గర గుమాస్తాగా నేను, హమాలీల మేస్త్రి, అతని జట్టు పన్నెండు మంది, సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన పెద్ద వయసు రైతు ఒకరు.

ఆ ఉదయం నుంచే హమాలీల సమ్మె. మిరపకాయ తొక్కి తొక్కి నింపిన బస్తాలు నడుములు విరుస్తున్నాయని, బరువు తగ్గించమని వారు అడిగారు. వ్యాపారులు వినలేదు. గేటు పక్కన టార్పాలిన్ పట్టా కప్పి పందిరి వేసి, బస్తాలు లాగే ఇనుప కొక్కేలన్నీ ఒక తాడుకు వేలాడదీశారు. కొక్కెం తాడుకు ఎక్కితే సమ్మె మొదలైనట్టే. నేను డైరీలో సమ్మె అంటే కార్మికులు కలిసికట్టుగా పని మానేయడం అని రాసుకున్నాను. అంతకుమించి నాకు తెలియదు.

నాలుగింటికి ఆకాశం నల్లబడింది. రైతు పరుగున వచ్చాడు.

"గుమాస్తా గారూ, నా ముప్పై టిక్కీలూ ఆరుబయటే ఉన్నాయండీ. తడిస్తే కాయ పాడైపోద్ది. ఏడాది పంటండీ!"

యార్డులో మిరప బస్తాని టిక్కీ అంటాం. లారీ వాడు ముందురోజు వాటిని షెడ్డు బయటే దించి పోయాడు. షెడ్డులోకి చేర్చుదామని ఒక టిక్కీకి నేను ఒక కొస పట్టుకున్నాను, ఆయన ఇంకో కొస. రెండు బారలు మోశామో లేదో మేస్త్రి వచ్చాడు.

"దించండి గుమాస్తా గారూ."

"పెద్దాయన అవస్థ కనపడట్లా?"

"కనపడతందండీ. ఇయ్యాల మీరు మోస్తే, రేపు షావుకారు ఇంకో నలుగుర్ని తెచ్చి మోయిస్తాడు. ఇక మేం పందిట్లో కూర్చుని ఏం లాభం?"

జట్టులో ఒకడు నవ్వాడు. "ఒరేయ్, ఆయన మోసేదేంట్రా, టిక్కీయే ఆయన్ని మోసేట్టుంది!"

నేను దించేశాను. వారు మానేసిన పనిని ఇంకొకరు అందుకోకపోవడం కూడా సమ్మేనని అప్పుడు తెలిసింది. రైతు బస్తా మీదే కూలబడ్డాడు.

మేస్త్రి ఒకసారి మబ్బు వైపు, ఒకసారి ఆయన వైపు చూశాడు.

"ఒరేయ్, పందిరి మీద పట్టా ఇప్పండ్రా. టిక్కీ కదలకూడదు గానీ, కప్పితే ఎవడేమంటాడు?"

పన్నెండు మందీ పట్టా తెచ్చి బస్తాల మీద కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. గంటసేపు వాన. వట్టి వెదురు గుంజల మధ్య, తల మీద తువ్వాళ్లతో వారు తడుస్తూ కూర్చున్నారు. షెడ్డులోకి రమ్మని పిలిచాను.

"లేస్తే సమ్మె అయిపోయిందనుకుంటారండీ" అన్నాడు మేస్త్రి.

మర్నాడు ఉదయం పట్టా తీశారు. రైతు ఒక్కో టిక్కీ కుట్టు విప్పి, లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. కాయ గలగలలాడింది. గాలివాటున ఉన్న రెండు మాత్రం మెత్తబడ్డాయి.

"ఏం పెద్దాయనా, ఇంకా కోపమేనా?" అన్నాడు మేస్త్రి.

"కోపం సంగతి తర్వాత. ఈ రెండూ ఆరబోయాలి, చోటు చూపించు."

మేస్త్రి పందిరి ముందున్న ఎండ చూపించాడు. సమ్మె రెండో రోజు మధ్యాహ్నానికి ఆ పన్నెండు మందీ తుమ్ముతున్నారు.