పిల్లికి సూది

జగిత్యాలలో పశువుల డాక్టరు మా పిల్లికి షుగర్ ఉందని చెప్పి, రోజుకు రెండు ఇన్సులిన్ సూదులు రాసిచ్చిన రోజది. పిల్లిని బుట్టలో, మందు సీసానూ సూదులనూ సంచీలో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కాను. పక్క సీటులోని పెద్దామె ఎక్కినప్పటి నుంచీ నా సంచీనే చూస్తోంది.

"గా సూదులు ఎవలికి బిడ్డా?" అంది.

"పిల్లికి."

మందుల షాపులో, బస్టాండులో ఆ మాట విని అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

"గా సీసా ఒక్కసారి ఇయ్యి, సూస్త," అని చెయ్యి చాపింది. నేను సంచీని ఒళ్లోకి లాక్కున్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మెల్లగా అంది: "తిన్నంకనే ఇయ్యి బిడ్డా. మా ఆయనకు సూది ఇచ్చి, పనిల పడి బువ్వ పెట్టుడు మర్శిన. మళ్ల లేపితే లేవలే."

ఇలా మాటల్లో పెట్టి సంచులు కొట్టేసేవాళ్ల గురించి విని ఉన్నాను. మేడిపల్లిలో ఆమె దిగగానే సంచీలో చెయ్యిపెట్టి వెతికాను. సీసా ఉంది. తలెత్తితే, రోడ్డు మీద నిలబడి ఆమె నన్నే చూస్తోంది.

మర్నాడు పొద్దున పిల్లి తిండి ముట్టలేదు. చేతిలోని సూది పక్కన పెట్టి డాక్టరుకు ఫోన్ చేశాను.

"మంచి పని చేసిండ్రు. ఇస్తే పానం మీదికొస్తుండె. జల్ది పట్టుకరాండ్రి," అన్నాడాయన. "ఇంతకూ మీకెవలు చెప్పిండ్రు?"

"బస్సుల ఒకామె," అన్నాను. మిగతాది చెప్పలేకపోయాను.