హాజీగారు తనకోసం తెచ్చుకున్న గుడ్డ

మా పక్కింటి హాజీగారు మొన్న శుక్రవారం పోయారు. కబురు చెప్పినాయన, "కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్లిపోయారండీ" అన్నాడు. ఏలూరులో ఆయన నేసిన తివాచీలు ఏ దొరల బంగళాల్లో పరిచి ఉన్నాయో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆయన మక్కా ప్రయాణం. దాన్ని ఆయన ఒక్కసారే చేశారు. నేను మాత్రం ఆయన అరుగుమీద కూర్చుని ఏటా చేసేవాణ్ణి.

అంతకుముందు ఆయన ఎరిగిన పరదేశం తాడేపల్లిగూడెం. అక్కడా నీళ్లు పడక మర్నాడే వచ్చేశారు. అలాంటి మనిషి బొంబాయిలో ఓడెక్కారు. ఇక్కడ ఆవకాయ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. డబ్బాడు ఆవకాయ వెంట పట్టుకెళ్లారు. పక్క చాపమీది కాబూలు పెద్దాయనకి ఓ ముక్క రుచి చూపిస్తే, ఆయన కళ్ల నీళ్లు పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని, మళ్లీ చెయ్యి చాపాడట. జిద్దా రేవు చేరేసరికి డబ్బా ఖాళీ. ఆ కాబూలాయన తన జపమాల తీసి ఈయన చేతిలో పెట్టాడు.

"అన్నగారూ, ఎన్నిసార్లు చెబుతారండీ ఈ కథ?" అనేవాణ్ణి.

"చూసింది చెప్పకపోతే టిక్కెట్టు దండగ కదా తమ్ముడూ!"

కొల్లేటి గాలికి మా ఊళ్లో పెట్టెలో గుడ్డ బూజు పట్టకుండా ఉండదు. వానలు వెనకబట్టగానే ఆయన రేకుపెట్టె తెరిచి, సామానంతా నులకమంచంమీద ఎండకి పరిచేవారు. కాబూలు జపమాల, రేవులో ఏరిన గవ్వలు, మక్కాలోని జంజం బావి నీళ్లు పట్టి, కారకుండా మూతకి మాటు వేయించిన డబ్బా. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుంటే ఒక్కొక్క కథ. ఆఖర్న తెల్లగుడ్డ మడత వచ్చేది. అక్కడ మాట ఆగేది. ఆ బావి నీళ్లలోనే తడిపి, ఆరబెట్టి తెచ్చుకున్న కఫన్ అది. పోయిననాడు ఒంటికి చుట్టే గుడ్డ.

"అంతదూరం వెళ్లి ఇదా తెచ్చుకోవడం?" అన్నానొకసారి.

"మిగతావన్నీ మీకు చూపించడానికి తెచ్చాను. ఇదొక్కటే నాకోసం."

తరవాత కొడుక్కి పెళ్లి చేశారు. దెందులూరు పిల్ల కోడలిగా వచ్చింది, నెల తప్పింది. కడుపుతో ఉన్న పిల్ల ముందు కఫన్ మాట ఎత్తకూడదని ఆ ఇంట్లో అందరూ నోరు కట్టుకున్నారు. ఆమెకి తెలియకుండా పోయింది అందుకే. మగపిల్లాడు పుట్టాడు. ముసురు పట్టి పొత్తిగుడ్డలు ఆరని రోజుల్లో, హాజీగారు ఉన్ని కొనడానికి పొరుగూరు వెళ్లినప్పుడు, ఆమె రేకుపెట్టెలో మెత్తటి గుడ్డ చూసింది. కత్తిరించి పసివాడికి చిన్నచిన్న జుబ్బాలు కుట్టేసింది.

ఆయన జట్కా దిగేసరికి ఇల్లు గోలగా ఉంది. "చావుగుడ్డ పిల్లాడికి తొడిగావటే!" అని అత్తగారు తల బాదుకుంటోంది. కోడలు గోడకి అంటుకుపోయి ఉంది. హాజీగారు పెట్టెలో ఆ గుడ్డ ఉండే చోటుకేసి చాలాసేపు చూశారు. ఆ చూపు నేను చూడకుండా ఉంటే బాగుండేది. తరవాత పిల్లాణ్ణి ఎత్తుకుని, జుబ్బా అంచు తడిమి చూశారు.

"మంచి నీళ్లలో తడిసిన గుడ్డ. బతికే ఒంటిమీద ఉండడం దానికి మాత్రం ఇష్టం ఉండదా? కుట్టు బాగుందమ్మా" అన్నారు.

అన్నారు గానీ, ఆ ఏడు సామాను ఎండబెడుతూ, గవ్వల పక్కన మంచంమీద చోటు వదిలారు. నేను నవ్వించబోయి, "మళ్లీ ఓడెక్కుదామా అన్నగారూ?" అన్నాను.

"ఈ మోకాళ్లకి టిక్కెట్టు ఇవ్వరు తమ్ముడూ" అని అటు తిరిగిపోయారు.

ఆయన పోయిన శుక్రవారంనాడు కఫన్‌కి బజారు నుంచి కొత్త గుడ్డ తెచ్చారు. స్నానం చేయించాక కోడలు లోపలి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆ జుబ్బాలు. పిల్లాడికి ఎప్పుడో పొట్టివైపోయినవి.

"మామగారికి ఇవి కూడా పెట్టండి."

పెద్దాయన ఒకరు మెల్లిగా అన్నారు: "కుట్టు ఉన్న గుడ్డ కఫన్‌కి పనికిరాదమ్మా."

ఆమె సూది తెచ్చుకుని అక్కడే కూర్చుంది. ఒక్కొక్క కుట్టూ విప్పడం మొదలుపెట్టింది. వాకిట్లో మనుషులు నిలబడి ఉన్నారు. ఎవరో తొందరపడబోతే, "ఉండండి, ఆవిణ్ణి విప్పనివ్వండి" అన్నారు ఆ పెద్దాయనే. విప్పిన ముక్కల్ని సాపుచేసి, కొత్త గుడ్డ లోపల, హాజీగారి గుండెమీద పరిచారు.

మోసేవాళ్లు సందు మలుపు తిరిగాక నేను వెనక్కి చూశాను. ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది. ఊడదీసిన దారాలు కొంగంతా అంటుకుని ఉన్నాయి. గాలికి లేచిన పోగుని పట్టుకుని, దులిపెయ్యకుండా, మళ్లీ కొంగులోనే పెట్టుకుంటోంది.