ఇందా బీగాలు

దొంగలు చీకట్లో వస్తారనీ, అద్దం పగలగొడతారనీ, వైర్లు కోసి బండి స్టార్టు చేసుకుంటారనీ జనానికి చెప్పి నేను హిందూపురంలో పదేళ్లకు పైగా బతికాను. కార్లకు సీటు కవర్లు, హారన్లు, తాళాలు బిగించే చిన్న అంగడి నాది. గేరు లాకు, స్టీరింగు లాకు, ముట్టుకుంటే అరిచే అలారం, బండి ఎక్కడుందో ఫోనులో చూపించే ట్రాకరు, అన్నీ దొరుకుతాయి. వచ్చిన ప్రతివాణ్ణీ భయపెట్టి అమ్మేవాణ్ణి. అందులో నటన ఏమీ లేదు, నేనూ అంతే భయస్తుణ్ణి. బండి దిగి నాలుగు తలుపులూ లాగి చూసి, పది అడుగులు పోయి, అనుమానం వచ్చి మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసే రకం.

మా నాయన దీనికి పూర్తిగా ఉల్టా. పెనుకొండలో ఉంటూ, చుట్టుపక్కల రైతుల పట్టుగూళ్లు వ్యానులో వేసుకుని హిందూపురం మార్కెట్టుకు తోలేవాడు. వెనక సీట్లు పీకేసిన తెల్ల వ్యాను అది. గూళ్ల రైతును పక్కన కూర్చోబెట్టుకుని, మల్బరీ ఆకు దగ్గర మొదలుపెట్టి కోడలి కాన్పు దాకా మాట్లాడుకుంటూ వచ్చేవాడు. ఆయనకు బండి తోలడమంటే సగం మాట్లాడడమే.

గూళ్లు బాగా వచ్చే రోజుల్లో మార్కెట్టు చుట్టుపక్కల వీధులు చూడాలి. పొద్దున్నే బండ్లన్నీ ఒకదాని మూతికి ఒకటి ఆనించి నిలబెడతారు. ఎవరి బండి ఎవరికి అడ్డమో దేవుడికే తెలియాలి. అందుకే డ్రైవర్ల మధ్య ఒక పద్ధతి పడిపోయింది. వెనక బండివాడు వచ్చి "అడ్డం ఉండాది" అంటే, ముందు బండివాడు టీ గ్లాసు వదిలి లేవడు. జేబులోంచి బీగాలు తీసి "ఇందా, నువ్వే తీసుకో" అని విసురుతాడు. మా వైపు తాళంచెవులను బీగాలంటారు. ఆ వచ్చినవాడు బండి పక్కకు పెట్టి, బీగాలు తెచ్చి టీ అంగడి బల్ల మీద పడేసి పోతాడు. నువ్వెవరని అడిగేది లేదు. అడిగితే మొహం మీద కొట్టినట్టే.

ఆ పద్ధతి మానుకోమని నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. ఒకసారి బలవంతంగా గేరు లాకు బిగించాను. ఆ తాళంచెవిని కూడా నాయన అదే గుత్తికి తగిలించుకున్నాడు. ఇదేమి ఘోరమంటే, "మరి అడ్డం ఉంటే తీసేవాడు ఎట్ల తీయల్ల?" అన్నాడు. ట్రాకరు పెడతానంటే, "నేను యాడ ఉండేది మీయమ్మకు తెలుసులే, అది సాలు" అని నవ్వాడు. అమ్మ కూడా ఆయన పక్కనే నిలబడి నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

పోయిన ఏడాది ఒక రోజు పొద్దున, తొమ్మిది దాటి ఉంటుంది. నాయన గూళ్లు దించేసి, రామగిరి వైపు నుంచి వచ్చిన రైతుతో టీ తాగుతున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు వచ్చి, "పెద్దాయనా, ఆ తెల్ల బండి నీదేనా? అడ్డం ఉండాది, రోంత తీస్తావా?" అన్నాడు. "ఇందా, నువ్వే తీసుకోప్పా" అని నాయన బీగాలు విసిరాడు. వాడు వాటిని రెండు చేతులా పట్టుకున్నాడని ఆ రైతు తరువాత నాతో పదిసార్లు చెప్పాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాడట పాపం.

రెండో టీ అయ్యేసరికి బండి అక్కడ లేదు. నాయన కంగారు పడలేదు. ముందుకు తీసి పెట్టుంటాడులే అని పక్క వీధి చూశాడు, దాని పక్క వీధి చూశాడు. గంటసేపు తిరిగాక నాకు ఫోను చేశాడు.

"ఒరేయ్, బండి యాడ పెట్టినాడో కనపడల్యా."

"ఎవరు నాయనా?"

"ఎవురో అబ్బా. అడ్డం ఉండాదన్న్యాడు."

అప్పటికి కూడా పోయిందనే మాట ఆయన నోట్లోంచి రాలేదు. నేను పరుగెత్తుకుంటూ పోయి, అంతమంది డ్రైవర్ల ముందు, బుద్ధుందా నీకు అని అరిచాను. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. ఆ అరుపును వెనక్కి తీసుకునే దారి ఇప్పటికీ దొరకలేదు నాకు.

స్టేషన్లో కంప్లైంటు రాసుకుంటున్న ఆయన మంచివాడే. "బీగాలు ఎట్ల పోయినాయి పెద్దాయనా?" అని అడిగాడు.

"పోలేదు సార్. నేనే ఇచ్చినా."

ఆయన పెన్ను ఆపాడు. నువ్వే ఇచ్చినావంటే దొంగతనం కిందికి రావడం కష్టం, మోసం కిందికి వస్తుంది, కేసు వేరే అవుతుంది అని నిదానంగా వివరించాడు. దొంగతనం కాకపోతే ఇన్సూరెన్సు కూడా రాదని నాకు తెలుసు, ఆ రంగంలోనే ఉన్నవాణ్ణి కదా. నాయనను బయటికి తీసుకుపోయి చెట్టుకింద నిలబెట్టి, "బల్ల మీద పెట్టినా, ఎవురో ఎత్తుకపోయినారు అని చెప్పు. ఒక్క మాటే నాయనా" అని బతిమాలాను.

ఆయన నన్ను అర్థం కానట్టు చూశాడు. "వాడు అడిగినాడు, నేను ఇచ్చినా. అదే కదరా జరిగింది?"

లోపలికి పోయి అదే చెప్పాడు. నెల తరువాత ఇంటికి వచ్చిన ఇన్సూరెన్సు మనిషికీ అదే చెప్పాడు. ఆ మనిషి జాలిగా నవ్వి, యజమాని చేత్తో ఇచ్చినది అని రాసుకుని పోయాడు. ఒక్క మాట మార్చి ఉంటే అని నేను చాలా రోజులు పళ్లు నూరుకున్నాను. అబద్ధం ఆడలేదని కన్నతండ్రి మీద కోపం పెట్టుకున్న కొడుకు నేనొక్కడినే అయి ఉంటాను.

బండి పోవడం సగం నష్టమే. ఆ తరువాత నాయన బయటివాళ్లతో మాట్లాడడం మానేశాడు. చెన్నేకొత్తపల్లి రైతు ఒకాయన తన బండి తోలమని పిలిచాడు. "నన్ను నమ్మి బీగాలు చేతికిస్తాడంట" అన్నాడు నాయన అమ్మతో, ఆశ్చర్యంగా. పోలేదు. పొద్దున తిని హైవే పక్కన కూర్చునేవాడు. తెల్ల వ్యాను కనిపిస్తే చాలు, లేచి నంబరు చూసేవాడు. బండి దొరికితే ఈ మనిషి మళ్లీ మా మనిషి అవుతాడని నేనూ అమ్మా గట్టిగా నమ్మాం. వేరే బండి కొనిపెడతానంటే చేతులు అడ్డంగా ఊపాడు. ఆ బండే కావాలి, లేకపోతే ఏదీ వద్దు.

ఈలోగా నా పాఠాలన్నీ ఆయనకు ఒంటబట్టాయి. ఇంట్లో ఉన్నంతసేపూ పట్టపగలే తలుపు గడియ వేసి కూర్చోవడం మొదలుపెట్టాడు. పాలవాడు పిలిస్తే కిటికీలోంచి చూసి గానీ తీసేవాడు కాదు. ఒకరోజు నా అంగడికి వచ్చి, గేటుకు వేయడానికి ఉన్నవాటిలో పెద్ద తాళం ఇవ్వమన్నాడు. ఎంతకాలానికి నా మాట విన్నాడు అని ఒక్క క్షణం సంతోషించాను, సిగ్గు లేకుండా. ఆయన పోయాక ఎవరో కారుకు అలారం బిగించమని వచ్చారు. చెప్పాల్సిన భయం నోటికి రాలేదు. పెద్దాయనా అని పిలిచి చేతులు చాపేవాడికి ఏ లాకు పనిచేస్తుంది?

పోయిన నెల ధర్మవరం పోలీసు స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. బత్తలపల్లి దారిలో ఎవరో వదిలేసిన తెల్ల వ్యాను దొరికింది, వచ్చి చూసుకోమన్నారు. నాయన గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. బస్సులో చాలా నెలల తరువాత పక్కవాడితో వానల గురించి రెండు మాటలు మాట్లాడాడు. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

అది మా బండి కాదు. గేటు దగ్గరే ఆయనకు తెలిసిపోయిందని నడకలోనే కనిపించింది. అయినా దగ్గరికి పోయి చుట్టూ తిరిగాడు. వెనక తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. కానిస్టేబుల్ ఇంజను నంబరు చదువుతుంటే, కలవదని తెలిసీ, చివరి అంకె దాకా విన్నాడు. "మాది కాదు సార్" అని బయటికి వచ్చేశాడు.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకున్న ఒక మనిషి మా ముందుకు వచ్చాడు. చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి.

"మామా, ఒక్క ఫోను చేసుకుంటా, ఇస్తావా? నాది ఆగిపోయినాది. నా పెండ్లాం ఆస్పత్రిలో ఉండాది, మా బామ్మర్దికి చెప్పల్ల."

నాయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది.

"ఛార్జింగు లేదప్పా" అన్నాడు.

నా ఎరుకలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. ఆ మనిషి సరేనని తలూపి ఇంకా కదలకముందే, నాయన చేతి కింద ఫోను మోగింది. బండి మనదేనా అని అడగడానికి అమ్మ చేస్తోంది. నాయన తీయలేదు, చేయి కూడా తీయలేదు. ఆ మనిషి నాయన మొహంలోకి చూసి పక్క బెంచీ వైపు పోయాడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

తరువాత నా జేబులో ఫోను మోగింది. నేనూ తీయలేదు.