వాత పథ్యం

నాకు ఒక చోట ఊరికే కూర్చోవడం చేతకాదు. కుట్టుమిషను ముందైతే పొద్దంతా కూర్చుంటాను, అక్కడ కాళ్లు ఆడుతుంటాయి కాబట్టి. ఆత్మకూరులో మా ఇంటి ముందుగదే నా కొట్టు. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్ల మూటల మధ్య నేను కనపడను. అలాంటిదాన్ని నెల్లూరు ఆసుపత్రిలో వాలుకుర్చీలో పడుకోబెట్టి, ఛాతీ మీద చర్మం కింద అమర్చిన బిళ్లలోకి సూది గుచ్చి, కదలకుండా ఉండమ్మా అన్నారు. మందు చుక్క చుక్కగా దిగుతుంటే దుప్పటి కింద నా పాదాలు మిషను తొక్కుతూనే ఉండేవి. పక్క కుర్చీలో ఆవిడ అది చూసి, నాకు వణుకొస్తోందనుకుని నర్సును పిలిచింది.

పెద్దపేగులో గడ్డ అన్నారు. ఆపరేషను చేసి తీశారు. ఇక గండం గడిచిందని ఊపిరి పీల్చుకునేలోపే స్కానులో కాలేయం మీద రెండు మచ్చలు తేలాయి. పేగులో పుట్టింది అక్కడికి పాకింది. మా డాక్టరమ్మ ఏదీ దాచే మనిషి కాదు. "ఒక మచ్చ బాగా లోపలికి ఉంది. కోసి తీయాలంటే కాలేయం చాలా పోతుంది. అందుకని ముందు కీమోతో రెంటినీ చిన్నవి చేద్దాం. చిన్నవైతే బయటినుంచి సన్నటి సూది పంపి అక్కడికక్కడే కాల్చేయొచ్చు. పెరిగితే మాత్రం సూది వాటికి సరిపోదు" అంది. ఆమె చెప్పినవాటిలో నాకు ఒక్కటే తలకెక్కింది. అవి చిన్నవి కావాలి, చిన్నవిగానే ఉండాలి. నా బతుకు ఆ కొలత మీద ఆధారపడి ఉంది. జాకెట్టుకైతే టేపు నేనే పట్టుకుంటాను. ఇక్కడ స్కాను చూసి వాళ్లు చెప్పేదాకా గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలి.

రెండు వారాలకొకసారి కీమో. కొంత మందు ఆసుపత్రిలోనే ఎక్కించి, మిగతాది పాలసీసా అంత పంపులో నింపి, గొట్టంతో సహా మెడకు తగిలించి ఇంటికి పంపేవాళ్లు. వాళ్లిచ్చిన సంచి నాకు నచ్చలేదు. మిగిలిపోయిన చిలకపచ్చ జాకెట్టు గుడ్డతో వేరే సంచి కుట్టుకున్నాను, జిప్పు కూడా వేశాను. బస్సులో ఒకామె అది చూసి ఎక్కడ కొన్నావని అడిగింది. కావాలంటే కుట్టి ఇస్తాను గానీ లోపలున్నది మాత్రం ఇవ్వను అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నేనే నవ్వుకున్నాను.

నవ్వు ఇంటికొచ్చేదాకానే. చల్లటి నీళ్లు ముట్టుకుంటే వేళ్లలో కరెంటు పాకేది. సూదిలో దారం ఎక్కించాలంటే ఏడుపొచ్చేది. సూది గుచ్చుకున్నా, గుడ్డ మీద రక్తం కనపడేదాకా తెలిసేది కాదు. నోరైతే ఇక చెప్పనక్కర్లేదు. ఏం తిన్నా ఇనుము నాకినట్టే. ఉప్పు, పులుపు, కారం, అన్నీ ఒకటే.

మా ఆయన ఆత్మకూరుకూ సంగానికీ మధ్య ఆటో తోలుతాడు. పొద్దున పోతే మధ్యాహ్నం అన్నానికి కూడా రాడు. నన్ను చూసుకోవడానికి ఉదయగిరి కొండ కింది పల్లెనుంచి మా అమ్మ వచ్చింది. వచ్చీ రాగానే వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. నాకు చిన్న గిన్నెల్లో వేరే వంట, అల్లుడికి వేరే వంట. రోగిష్టిదానికి శుచిగా విడిగా వండాలంటే నాకూ సబబే అనిపించింది.

కొన్ని విడతల కీమో అయ్యాక స్కాను తీశారు. మచ్చలు రెండూ తగ్గాయి, కొత్తవి లేవు. డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకు పెట్టి చూసి, "ఇప్పుడు కాల్చడానికి వీలుంది. కీమో ఆపి నెల రోజులు ఒంటికి విశ్రాంతి ఇద్దాం. గుడ్లు, పప్పు, మాంసం బాగా తినండి. తర్వాత కాల్చేద్దాం" అంది.

నా పక్కనున్న అమ్మ ముఖం వెలిగింది. బస్సెక్కేదాకా ఓపిక పట్టి, ఎక్కగానే మొదలుపెట్టింది.

"నేను ముందునించీ చెప్తానే ఉండా గదా. కార్జానికి జబ్బొస్తే వాతే మందు. ఇంతింత చదువులు చదివి, ఇన్నాళ్లకు ఈళ్లు గూడా ఆడికే వచ్చినారు."

"అమ్మా, అది వాత కాదు."

"కాలస్తామని ఆయమ్మే చెప్పింది గదమ్మే. కాల్చడం వాత గాకపోతే ఇంకేంది?"

నా ఎడమ మోచేతి కింద రెండు పాత వాతలున్నాయి. చిన్నప్పుడు నాకు పచ్చకామెర్లు వస్తే ఉదయగిరి దగ్గరే ఒక పల్లెకు తీసుకుపోయి పెట్టించారు. నాయన కాళ్లు పట్టుకున్నాడు, అమ్మ భుజాలు పట్టుకుంది, వాత పెట్టే ఆయన ఎర్రగా కాలిన చువ్వ ఆనించాడు. కామెర్లు తగ్గాయి. చాలాసార్లు వాటంతటవే తగ్గుతాయని ఆ తర్వాత ఎందరో చెప్పారు. అమ్మ ముందు ఆ మాటంటే మాత్రం ఆ పూట మన అన్నం మనమే పెట్టుకోవాలి.

రెండు రోజుల్లో వీధంతా పాకిపోయింది. "మా అమ్మాయికి నెల్లూర్లో వాతలు పెడతారంట, లోపలికే పెడతారంట" అని అమ్మ నీళ్ల ట్యాంకరు దగ్గర చెప్పింది. జాకెట్టు ఇవ్వడానికి వచ్చిన ఒకామె, "పథ్యం ఎన్నాళ్లక్కా?" అని అడిగింది. "వాతా లేదు, పథ్యమూ లేదు, చేతుల పొడవు ఎంత పెట్టమంటావో చెప్పు" అన్నాను. వంటింట్లో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది. నేను పట్టించుకోలేదు.

ఆ నెల నాకు నిలకడ లేదు. కీమో ఉన్నన్నాళ్లూ ఎప్పుడు ఆపుతారా అని ఏడ్చినదాన్ని, ఆపగానే భయం పట్టుకుంది. మందు లేకపోతే అవి పెరుగుతాయేమో. కుడి డొక్క మీద చెయ్యి పెట్టి నొక్కి చూసుకునేదాన్ని, అక్కడేదో చేతికి తెలుస్తుందన్నట్టు. ముందుగదినుంచి పెరట్లోకి, పెరట్లోంచి ముందుగదిలోకి తిరిగేదాన్ని. రానురాను ఆ తిరుగుడు కూడా తగ్గింది. తల దిమ్ముగా ఉండేది, పిక్కలు పట్టేసేవి, నిలబడితే కళ్లు తిరిగేవి. కీమో తాలూకు నీరసం ఇంకా పోలేదనుకున్నాను. అమ్మ మెత్తటి అన్నం, ఉడకేసిన బీరకాయ, పలచటి మజ్జిగ పెట్టేది. చెంబుల కొద్దీ బార్లీ నీళ్లు తాగించేది. గుడ్డు ఏదమ్మా అంటే, "వాసన పడదులే నీకు" అనేది. నిజంగానే పడేది కాదు. అందుకని గట్టిగా అడగలేదు.

కాల్చడానికి ఆసుపత్రిలో చేరిన రోజు రక్తం పరీక్షకు పంపారు. మత్తు డాక్టరు ఆ కాగితం చూసి, మళ్లీ చూసి, మా డాక్టరమ్మను పిలిపించాడు. ఒంట్లో ఉప్పు బాగా పడిపోయింది, మాంసకృత్తులు కూడా. ఇలా ఉంటే మత్తు ఇవ్వనన్నాడు. డాక్టరమ్మ నన్ను వాంతులా, విరేచనాలా అని అడిగింది. ఏవీ లేవు. "మరి ఏం తింటున్నారు?" అంది.

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు అమ్మ ముందుకొచ్చింది.

"చప్పిడి పథ్యమే తల్లీ. ఉప్పుగల్లు తగలనీలా, నూనె చుక్క పొయ్యలా. అందరూ వాత పెట్టినాక మొదులు పెడతారు, నేను ముందునించే పెట్టినా."

నేను అమ్మ ముఖం చూస్తూ ఉండిపోయాను. నెల రోజులు ఉప్పు లేని కూడు తిన్నాను, నా నాలుకకు తెలియనే లేదు.

సెలైను పెట్టి కొన్నాళ్లు ఉంచుకుని ఇంటికి పంపారు. బాగా తిని బలం పుంజుకోవాలి, మళ్లీ స్కాను తీయాలి, అప్పటికి మచ్చలు సూదికి మించి పెరిగి ఉంటే కాల్చే సంగతి మానేసి తిరిగి కీమోకే పోవాలి. అన్ని నెలల కష్టం నీళ్లపాలు కావచ్చు. బస్సులో కూర్చున్నాక నాకు ఒళ్లు మండిపోయింది.

"నన్ను చంపాలనుకున్నావా? సూటిగా చెప్పు."

ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు. అమ్మ కిటికీలోంచి వరిమళ్లు చూస్తూ కూర్చుంది. బస్సు సంగంలో ఆగినప్పుడు ఒకతను పళ్లెం నిండా వడలు పెట్టుకుని కిటికీల వెంట తిరిగాడు. అమ్మ చప్పున మొహం తిప్పుకుంది. బస్సు కదిలాక, నా వైపు చూడకుండానే చెప్పింది.

"మీ అక్కకు గూడా కామెర్లే వచ్చినాయి."

నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని తెలుసు. ఎలా పోయిందని ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

"వాత పెట్టిచ్చినాం. ఉప్పూ నూనె తగలగూడదని ఆయన మరీ మరీ చెప్పినాడు. ఆ బిడ్డ చప్పిడికూడు తినలేక వడ గావాలని ఒకటే ఏడుపు. ఒక్కటే గదా అని చాటుగా ఇచ్చినా. ఎంత ఇష్టంగా తినిందో. వారం తిరక్కుండా పోయింది." కొంగుతో మూతి తుడుచుకుంది. "మీ నాయనకు గూడా చెప్పలా. నీకు కామెర్లు వచ్చినప్పుడు నువ్వెంత ఏడ్చినా పెట్టలా. నువ్వు బతికినావు."

"వడ తింటే ఎవరూ చావరమ్మా. అప్పటికే కార్జం చెడిపోయి ఉంటుంది."

"నువ్వు చూసినావా?"

కోపం పోయిందంటే అబద్ధం. లోపల ఆ మచ్చలు పెరుగుతున్నాయేమోనన్న భయం అలాగే ఉంది. ఐనా, ఇన్నేళ్లుగా ఒక వడను గుండెల మీద మోస్తున్న ఆ మనిషి మీద అంతకు మించి అరవలేకపోయాను.

ఆ తర్వాత అమ్మ ఉప్పుకు ఒప్పుకుంది. నా నాలుక పనిచేయడం లేదని, ప్రతి కూరా తనే ఒకటికి నాలుగుసార్లు రుచి చూసి, ఉప్పు సరిపోయిందని నిర్ధారించుకుని పెట్టేది. తిమ్మిరెక్కిన నా వేళ్లతో గుడ్డు పెంకు ఊడేది కాదు. తనే ఒలిచి, ముక్కలు చేసి, నేను మింగేదాకా ఎదురుగా కూర్చునేది. చేపలు పులుసు పెట్టేది. కానీ బాణలి మాత్రం పొయ్యెక్కించలేదు. నూనె దగ్గర ఆమెకు చెయ్యాడలేదు. ఆ ఒక్కదానికి నేనూ పట్టుబట్టలేదు.

మళ్లీ స్కాను తీసిన రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే వాచ్‌మన్ రెండుసార్లు కసిరాడు. చివరికి డాక్టరమ్మ పిలిచింది. ఒక మచ్చ అలాగే ఉంది. లోపలిది కొంచెం పెరిగింది. ఇప్పటికైతే సూదికి అందుతుంది, ఇంకా ఆలస్యం చేస్తే చెప్పలేనంది. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి వింది. పెరిగిందన్న మాట దగ్గర కళ్లు మూసుకుంది.

ఈసారి రక్తం కాగితం చూసి మత్తు డాక్టరు సరేనన్నాడు. నన్ను బండి మీద లోపలికి తోసుకుపోతుంటే అమ్మ నా ఎడమ చెయ్యి పట్టుకుని పక్కనే నడిచింది. సరిగ్గా పాత వాతల మీదే పట్టుకుంది. తలుపు దగ్గర నర్సును అడిగింది.

"కాల్చేటప్పుడు దీన్ని ఎవురు పట్టుకుంటారు?"

"ఎవరూ పట్టుకోనక్కర్లేదవ్వా. నిద్రపోతుంది."

అమ్మ వేళ్లు వదలడానికి కాస్త సమయం పట్టింది.

మెలకువ వచ్చేసరికి డొక్కలో సలుపు, పక్కన చిన్న ప్లాస్టరు. అమ్మ దుప్పటి ఎత్తి చూసి, "ఇంతేనా? ఇదేం వాత?" అంది. రెండు మచ్చలూ కాలాయని డాక్టరమ్మ చెప్పింది. ఇంకొన్నాళ్లు కీమో ఉంటుంది, మూడేసి నెలలకు స్కాను చూస్తూ ఉండాలి, మళ్లీ రాదని మాత్రం మాటివ్వలేనంది. నాకు అంత చాలు అనిపించింది. ఆ పూటకు చాలు.

"పథ్యం?" అని అడిగింది అమ్మ.

"ఏమీ లేదమ్మా. అన్నీ పెట్టండి" అంది డాక్టరమ్మ.

"నూనె?"

"నూనె కూడా."

ఇంటికొచ్చేటప్పుడు సంగంలో బస్సు ఆగింది. అమ్మ నాతో చెప్పకుండా దిగిపోయింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఆమె జాడ లేదు. ప్లాస్టరు మీద చెయ్యి పెట్టుకుని నేను సగం లేచాను. అప్పుడు మెట్లెక్కుతూ కనపడింది, చేతిలో నూనె మరక పడ్డ కాగితం పొట్లం. కూర్చుని విప్పింది. ఒక్కటే వడ. నా వేళ్లకు వేడి తెలియదని ఆమెకు తెలుసు.

"కాలతా ఉండాది, ఆగు" అని ఊదింది. చల్లారాక కూడా ఊదుతూనే ఉంది. చివరికి నా చేతిలో పెట్టి, "తిను" అంది.

తిన్నాను. కీమో ఆపి చాలా రోజులైనందుకేమో, నాలుక మీద ఉప్పు తెలిసింది. అమ్మ కిటికీ వైపు చూడలేదు, వడ వైపు చూడలేదు, నా గొంతు వైపే చూస్తూ కూర్చుంది.

ఆ వారమంతా పొద్దున్నే నన్ను వాకిట్లోకి తీసుకొచ్చి, కింది రెప్పలు లాగి కళ్లు పచ్చబడ్డాయేమో చూసింది. నేను వద్దనలేదు. వారం దాటిన మరుసటి పొద్దున వంటింట్లోంచి నూనె కాగుతున్న వాసన వచ్చింది. వెళ్లి చూస్తే అమ్మ పొయ్యి మీద బాణలి పెట్టి, తడి అరచేతిలో పిండి తట్టుతోంది. నేను వచ్చినట్టు తెలిసినా వెనక్కి తిరగలేదు.

"మీ అక్క పోయింది," అంది, "వడకు గాదేమోలే."