గేటుకు బిగించిన గొలుసు

కడుపు నింపితే చాలు, కుక్క పట్ల మన బాధ్యత తీరిపోతుందని ఎవరు తీర్పిచ్చారు?

నేను డిగ్రీ చదివే రోజుల్లో, పాల్వంచ బస్టాండులో, ఒక అడవిపల్లె అవ్వ ఎండుచేప ముక్కను ఆకుల కింద దాచి తన కుక్కచేత వెతికిస్తూ కనిపించింది. దాని తోక కొస పుండై ఉంది.

"ఏమైందవ్వా?"

"అడవిల మేకలను మంద తప్పకుండ మర్లేసే కుక్క బిడ్డా. మా దిక్కు కట్టెల కాంట్రాక్టరు దీన్ని గుంజుకపోయి తనింటి గేటుకు కావలి కట్టేసిండు. పనిలేక దాని తోక అదే కొరుక్కుంది. పొద్దుగాల ఇడిపించుకొచ్చిన."

"గొలుసేది?"

"ఆయన లోపలుండంగనే, గదే గొలుసుతోని గేటును బయటినుంచి బిగించొచ్చిన. ఊకె కూసునుడు ఎట్లుంటదో ఆయనకూ తెల్వాలె. సెల్లుఫోనుందిగా, ఒర్రనీ!"

"అది న్యాయమా?"

"దీని తోకనడుగు."

వంగి ఆ పుండును చూశాను. ఆ గొలుసు సాయంత్రం దాకా ఊడకూడదనే కోరుకున్నాను.

మీ గేటు దగ్గరా ఒక కుక్క ఉంటే, ఈ పూట ముద్దను గిన్నెలో వేయకండి. ఎక్కడైనా దాచి, అది వెతుక్కునేలా గొలుసు విప్పండి.